నానమ్మతో ఫిల్మ్‌సిటీకి...

'నేనెక్కడ నడవగలను, మీరెళ్లి రండి' అన్నారు అత్తయ్య. నానమ్మ రాకపోతే మేమూ రామంటూ పిల్లలు భీష్మించుకున్నారు. దాంతో మా రామోజీ ఫిల్మ్‌సిటీ ప్రయాణమంతా ఆవిడ మోకాళ్ల చుట్టూనే తిరిగింది.

1996లో మొదలైన ఈ చిత్రనగరి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో, హయత్‌నగర్ దాటాక వస్తుంది. ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్‌కెక్కింది. ఏకంగా 1,666 ఎకరాలు! అంతా ఒక్కరోజులో చూసేయాలనుకుంటే ఏదీ సరిగా చూడలేం. అయితే కారు బయటే ఆపి లోపలికి వాళ్ల బస్సులోనే వెళ్లాలి. సెట్లు చూపించేదీ బస్సే. రైల్వేస్టేషన్, విమానాశ్రయం, ఒక్కోవైపు ఒక్కో ముఖం ఉండే భవనాలు... చాలావరకు కిటికీలోంచే చూడొచ్చు. ఆ మాటతో అత్తయ్య కాస్త మెత్తబడ్డారు.

పొద్దున్నే బస్సు టూరు, ఎండ ముదిరాక కూర్చుని చూసే ప్రదర్శనలు, సాయంత్రం చిన్నదాని కోసం ఫండుస్థాన్ అని రాసుకున్నాం. మధ్యాహ్నం గంటసేపు విశ్రాంతి. దానికోసం 'బాహుబలి' సెట్టు వదిలేద్దామంటే మావాడు అలిగాడు. సరే, తండ్రీకొడుకులు అటు, మేం నీడపట్టున.

టికెట్లు తీసుకున్నాక అత్తయ్య నెమ్మదిగా అడిగారు, 'ఆ రైల్వేస్టేషన్లో కాసేపు దిగనిస్తారంటావా?'