మా అంబాసిడర్ బ్రేకు పైపు

వ్యాసర్పాడిలో మా ఇంటి ముందు నిలబడి ఉండే తెల్ల అంబాసిడర్ ఎక్కనివాళ్ళు మన చుట్టాల్లో తక్కువ. 1986 మోడల్, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. నెల్లూరు నుంచి వచ్చి పెరంబూరులో బి అండ్ సి మిల్లులో పనికి చేరిన తాతయ్య రిటైరయ్యేదాకా సైకిలే తొక్కారు. అలాంటాయన కొడుకు సెకండ్ హ్యాండ్‌దైనా సరే కారు కొన్నాడంటే వీధంతా వచ్చి చూసిపోయిందట. ఆ తర్వాత మన ఇళ్ళల్లో ఎన్ని పెళ్ళిళ్ళకో ఎరుక్కంచేరి హైరోడ్డు పట్టుకుని, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట మీదుగా నెల్లూరు వెళ్ళొచ్చింది ఆ బండి.

నాన్న పోయాక అది నా చేతికొచ్చింది. ఆదివారం పొద్దున్నే పాత పంచె గుడ్డతో తుడవడం, బంపరుకి మెరుగు పెట్టడం, సీట్లకి కొత్త కవర్లు కుట్టించడం, ఇదే నా సేవ. 2015 డిసెంబరు వరదల్లో మా వీధిలో నీళ్ళు తలుపుల దాకా వచ్చి రెండ్రోజులు నిలబడ్డాయి. నీళ్ళు దిగాక ఇంజను శుభ్రం చేయించాను, సీట్లు ఎండబెట్టాను. బండి మళ్ళీ స్టార్టయితే చాలనుకున్నాను. అడుగున చేరిన బురద సంగతి నేనూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

2018లో బ్రేకు ఆయిల్ తగ్గుతూ ఉండేది. నెలకోసారి మూత తీసి చూసి కాస్త పోసేవాణ్ణి. పాత బండి కదా, తాగుతుంది అనుకునేవాణ్ణి. నా తప్పు అక్కడే ఉంది. బ్రేకు ఆయిల్ ఇంజను ఆయిల్ లాగా ఖర్చయ్యేది కాదు. డిస్కు బ్రేకులున్న బండిలో ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంచెం దిగుతుంది గానీ, నెలనెలా పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. నేను చేసింది కారుతున్న కుండలో నీళ్ళు పోసుకుంటూ పోవడమే.

ఆ ఆగస్టులో ఒక పొద్దున అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. గణేశపురం సబ్‌వే మీకు తెలుసుగా, వాన పడితే చెరువయ్యేది. ఆ రోజు పొడిగానే ఉంది. రైలు పట్టాల కిందికి దిగుతూ బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా నేలదాకా వెళ్ళిపోయింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ తొక్కాను. ఏమీ లేదు. ఎదుట ఎక్కుడులో ఒకాయన నీళ్ళ క్యాన్ల ట్రైసైకిలు దిగి తోసుకుంటూ పోతున్నాడు. కుడివైపు నుంచి ఆటో వస్తోంది.

హారన్ మీద చెయ్యి తియ్యకుండా గేరు రెండోదానికి దించి, హ్యాండ్ బ్రేకు లాగాను. ఆయన ఎడమకి జరిగాడు. మా అద్దానికీ ఆ క్యాన్లకీ మధ్య జానెడు కూడా లేదు. ఎక్కుడులోకి వచ్చేసరికి వేగం చచ్చి బండి ఆగింది. ఆ ట్రైసైకిలాయనే పరిగెత్తుకొచ్చి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. నాకు చేతులు వణుకుతున్నాయి. అమ్మ వెనకసీట్లోంచి, "ఏందిరా, మీ నాయన ఎప్పుడూ ఇట్ట ఆపలేదే" అంది. ఏం జరిగిందో ఆవిడకి సాయంత్రం దాకా చెప్పలేదు.

షెడ్డులో బండిని పైకెత్తి చూపించాడు మెకానిక్. ముందు నుంచి వెనక ఇరుసు దాకా పోయే సన్నటి స్టీలు పైపు, పెన్సిలు కన్నా సన్నం. దాన్ని బాడీకి పట్టి ఉంచే క్లిప్పు కింద ఎండిన మట్టి. క్లిప్పు ఊడదీస్తే పైపు పొట్టుపొట్టుగా రాలింది. వరద బురద ఆ సందులో తడి పట్టుకుని, పైగా మన సముద్రపు గాలి, మూడేళ్ళలో తినేశాయి. "పైన షోగా పెట్టినారు సార్, అడుగున ఎవురు చూసినారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మా బండిలో నాలుగు చక్రాలకీ ఆయిల్ పంపేది ఒకే లైను. ఎక్కడ పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. తర్వాతి కార్లలో రెండు విడి లైన్లు పెట్టారు, ఒకటి పోతే రెండోది సగమైనా ఆపుతుంది. హ్యాండ్ బ్రేకు మాత్రం ఆయిల్‌తో పని లేకుండా కేబులు మీద నడుస్తుంది. ఆ పొద్దున మమ్మల్ని కాపాడింది అదే.

పగిలిన ముక్క ఒక్కటే మార్చమంటే మెకానిక్ ఒప్పుకోలేదు. మిగతా పైపులదీ అదే వయసు. అన్నీ మార్చాం, చక్రాల దగ్గర వంగే రబ్బరు హోసులు కూడా. ఆ హోసులు పైకి బాగానే ఉన్నా లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయట. అప్పుడు తొక్కిన బ్రేకు వదలదు, బండి ఒక పక్కకి లాగుతుంది. ఆయిల్ కూడా గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తడి చేరితే 140కే మరగొచ్చు. అందుకే రెండేళ్ళకోసారి మార్చేస్తున్నాను.

మన చుట్టాల్లో ఇంకా ముగ్గురు నలుగురి దగ్గర పాత బండ్లున్నాయి. వాళ్ళకోసమే ఇదంతా. ప్రయాణానికి ముందు ఇంజను ఆన్ చేసి, బండి కదలకుండా, బ్రేకు గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి. పెడలు మెల్లగా దిగుతుంటే బయల్దేరొద్దు. చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే, ఆయిల్ తగ్గితే, పోసి ఊరుకోకండి. ఏడాదికోసారి పైకెత్తించి క్లిప్పులు తీయించి చూపించండి, వరద నీళ్ళలో నిలిచిన బండైతే వెంటనే. పదిహేనేళ్ళు దాటాక రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యూ చేయిస్తాం. తుప్పు ఐదేళ్ళు ఆగదు.

2023 డిసెంబరు తుఫానుకి మళ్ళీ మా వీధి మునిగింది. ఈసారి నీళ్ళు దిగిన వారంలోనే బండి షెడ్డుకెళ్ళింది. బంపరు ఇంకా తుడవలేదు. అడుగు చూపించాకే తుడిచాను.