వడ్డించిన తరువాత అడిగే ప్రశ్న

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. పెట్టిన తరువాత అమ్మ కూడా ఒకటి అడుగుతుందన్న సంగతి మాత్రం ఏ సామెతా చెప్పదు. విస్తట్లో కూర పడి, మొదటి ముద్ద నోటికి చేరగానే, గరిట ఇంకా చేతిలో ఉండగానే, "ఎలా ఉంది?" అంటుంది. ఆ ప్రశ్న మన ఇళ్ళల్లో ఎంత పాతదో, దానికి సరైన జవాబు చెప్పకపోవడం కూడా అంత పాత అలవాటే. ఉప్పు తగ్గితే నోరు తెరుచుకుంటుంది. అన్నీ సరిపోతే చెయ్యి మాత్రమే కదులుతుంది.

ఇంటి ప్రశ్న ఇప్పుడు హోటలుకు కూడా చేరింది. ఒకప్పుడు హోటల్లో వంట చేసేవాడి ముఖం తినేవాడికి తెలిసేది కాదు. వంటశాలకూ భోజనశాలకూ మధ్య ఒక తలుపు. అవతల పొగ, చెమట, కేకలు. ఇవతల మంచినీళ్ళ గ్లాసులు, బిల్లు. సర్వరు ఒక్కడే ఆ రెండు లోకాలకూ రాయబారి. నగరాల్లో వెలసిన కొత్త తరహా రెస్టారెంట్లు కొన్నింటిలో ఆ తలుపు తొలగిపోయింది. పొయ్యి బల్లలకు ఎదురుగానే మండుతుంది. వంటల పెద్ద (అక్కడ ఆయనను షెఫ్ అంటారు) భుజాన తువ్వాలుతో బల్లబల్లకూ వచ్చి పలకరిస్తాడు.

హైదరాబాదు జూబ్లీహిల్సులో అటువంటి రెస్టారెంటు ఒకటి ఉంది. తెనాలి నుంచి వచ్చిన తండ్రిని ఒక ఆదివారం మధ్యాహ్నం కుమార్తె అక్కడికి భోజనానికి తీసుకువెళ్ళింది. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. వయసు డెబ్బై దాటింది. భార్య పోయి మూడేళ్ళయింది. బల్లల మీద తెల్లని దుప్పట్లు లేవు. గోడకు సున్నం లేదు, ఇటుకలు ఇటుకలుగానే ఉన్నాయి. చెంచాలు, ఫోర్కులు ఒక రేకు డబ్బాలో నిలబెట్టి ఉన్నాయి. ఆడంబరం లేకపోవడం కూడా ఒక ఆడంబరమేనని మాస్టారికి తోచింది.

మెనూ చేతికి తీసుకుని ఆయన చాలాసేపు చదివారు. గోంగూర పెస్టోతో పాస్తా, పెసరట్టు టాకో, జొన్నరవ్వ పొలెంటా మీద పుట్టగొడుగులు. ఒక్కొక్క మాటా తెలిసినట్టే ఉంది. వాక్యమే అర్థం కాలేదు.

"ఇదేం కలగాపులగమమ్మా!" అన్నారు.

"ఒకసారి తిని చూడండి నాన్నగారూ" అంది కుమార్తె.

కలగాపులగం అనడం తేలికే. అయితే తెలుగువాడి కంచంలో కలగాపులగం కానిది ఎంత? మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడలెక్కి పదహారవ శతాబ్దంలో ఈ తీరానికి వచ్చింది. అంతకుముందు కారమంటే ప్రధానంగా మిరియమే. ఈనాడు దేశంలోని పెద్ద మిర్చి విపణుల్లో ఒకటి గుంటూరులో ఉంది. టమాటా, బంగాళాదుంప, వేరుసెనగ, జామ, బొప్పాయి, మొక్కజొన్న కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. సీమచింత తన పరాయితనాన్ని పేరులోనే మోస్తున్నది. ఎర్రని కారం లేని ఆవకాయను నేటి తెలుగువాడు ఊహించలేడు. కాని ఆరువందల ఏళ్ళ క్రితం ఆ కారం ఈ దేశంలోనే లేదు.

తేడా ఒక్కటే. పూర్వం రుచులు కలవడానికి తరాలు పట్టేది. కలిపినవారి పేర్లు ఎవరికీ తెలియవు. ఈ కాలంలో ఒక మనిషి పనిగట్టుకుని కలుపుతాడు, పేరు పెడతాడు, ధర వేస్తాడు. ఆస్ట్రియాలో పుట్టిన వుల్ఫ్‌గాంగ్ పక్ 1983లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఫ్రెంచి, చైనా వంటలను జతచేసి షిన్వా ఆన్ మెయిన్ అనే రెస్టారెంటు తెరిచాడు. తరువాతి సంవత్సరాల్లో ఈ ధోరణికి ఫ్యూజన్ అన్న పేరు స్థిరపడింది. అలా కలిపిన వాటిలో కొన్ని నిలుస్తాయి. అనేకం మరుసటి ఏడాది మెనూలో కనిపించవు. మంచి అనువాదంలో మాటలు మారినా మూలం ఊపిరి మిగులుతుంది. వంటకూ అదే పరీక్ష.

షెఫ్ వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నమస్కారం చేసి ఊరడిగాడు, వృత్తి అడిగాడు, తెలిసిన వెంటనే "మాస్టారూ" అని మొదలుపెట్టాడు. తనది నంద్యాలట. పొలెంటా అంటే ఉత్తర ఇటలీవారు మొక్కజొన్న రవ్వను కలియబెడుతూ ఉడికించే ముద్ద అని చెప్పాడు. "మా అమ్మ కెలికే జొన్నసంకటికి దూరపు చుట్టమండీ. అందుకే మొక్కజొన్న తీసేసి జొన్నరవ్వ వేశాను" అన్నాడు. ఈ ధైర్యం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా దాచుకోలేదు. ఏనాడూ కళ్ళతో చూడని ఒక గురువు పేరు చెప్పాడు.

ఆ గురువు ఫ్లాయిడ్ కార్డోజ్. 1960లో బొంబాయిలో పుట్టాడు. జీవరసాయనశాస్త్రం చదివి, ఆ దారి విడిచి వంటకు వచ్చాడు. న్యూయార్కులో లెస్పినాస్ అనే ప్రసిద్ధ రెస్టారెంటులో గ్రే కుంజ్ వద్ద పనిచేశాడు. 1998లో డానీ మేయర్ సంస్థ మాడిసన్ స్క్వేర్ పార్కు ఎదుట తబలా అనే రెస్టారెంటు తెరిచినప్పుడు దాని వంటశాల ఆయన చేతికి వచ్చింది. అమెరికాలో దొరికే చేపలు, కూరలు, మాంసాలకు భారతదేశపు సుగంధ ద్రవ్యాలను జతచేయడం ఆయన పద్ధతి. మేడమీద లాంఛనమైన విందుశాల ఉండేది. కింద బ్రెడ్ బార్ అనే చోట నాన్ రొట్టె తుంచుకుని చనువుగా తినేవారు. పన్నెండేళ్ళు నడిచి 2010లో తబలా మూతపడింది.

మరుసటి ఏడాది, 2011లో, టాప్ షెఫ్ మాస్టర్స్ అనే అమెరికా టెలివిజన్ పోటీ చివరి అంకంలో, తొలినాటి రుచిజ్ఞాపకాన్ని వంటగా చేసి చూపమన్నారు. హేమాహేమీల ఎదుట కార్డోజ్ పెట్టింది ఉప్మా! అడవి పుట్టగొడుగులు, కొబ్బరిపాలు చేర్చి, దానికి ఉప్మా పొలెంటా అని పేరు పెట్టాడు. పోటీ ఆయనే గెలిచాడు.

తెలుగువారికి ఈ కథలోని చమత్కారం విడమరచి చెప్పనక్కరలేదు. ఉప్మా అంటే మన ఇళ్ళల్లో చెప్పాపెట్టకుండా దిగిన చుట్టానికి, తెల్లవారుజాము ప్రయాణానికి, పెళ్ళిలో మగపెళ్ళివారి ఫలహారానికి. "ఇవాళా ఉప్మానా?" అన్న నిట్టూర్పు వినని వంటిల్లు లేదు. బియ్యపు రవ్వతో చేసే ఉప్పిండిని ఇష్టంగా తినేవారు కూడా దాన్ని పొగిడిన సందర్భాలు తక్కువ. పొలెంటా అన్న అన్యదేశపు మాట పక్కన చేరేసరికి అదే రవ్వ సింహాసనమెక్కింది. అయితే దానికి గౌరవం తెచ్చింది పేరు ఒక్కటే కాదు. న్యాయనిర్ణేతలు ఒక్కొక్క చెంచా నోట పెట్టుకుని, ఏది ఎందుకు బాగుందో మాటల్లో చెప్పారు. ఉప్మాకు ఆ మర్యాద చాలా ఇళ్ళల్లో ఇంకా అందలేదు.

2015లో కార్డోజ్ భాగస్వాములతో కలిసి ముంబైలో ది బాంబే క్యాంటీన్ ప్రారంభించాడు. ప్రాంతీయ వంటలను చిన్నచూపు చూడకుండా కొత్త రూపంలో పెట్టడం అక్కడి ఉద్దేశం. 2020 మార్చి 25న న్యూజెర్సీలో కోవిడ్ వ్యాధితో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 59.

జూబ్లీహిల్సు బల్ల దగ్గర ఆ షెఫ్ రెండవసారి వచ్చేసరికి పళ్ళేలు సగం ఖాళీ అయ్యాయి.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బాగానే ఉంది."

షెఫ్ కదలలేదు. "బాగుంది అనలేదు మీరు, బాగానే అన్నారు. అంటే ఏదో ఉంది. మొహమాటపడకండి" అన్నాడు.

నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పిన మనిషి ఒక్క అక్షరానికి పట్టుబడ్డారు. నవ్వి, చెంచా కింద పెట్టారు. "గోంగూర పులుపు నాలుకకు తగలకముందే చీజు కప్పేస్తున్నది. ఆకు పచ్చిగా నూరారా?"

"పచ్చిగానేనండీ. పెస్టోకు ఆకు ఉడికించరు."

"అది వాళ్ళ తులసికి సరిపోతుందేమో. గోంగూర మగ్గితే గాని పులుపు విప్పదు. మా ఇంట్లో నూనెలో మగ్గనిచ్చి, ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లితో రోట్లో నూరేది. మరీ మెత్తగా కాదు, పంటికి తగిలేటట్టు."

కుమార్తె తండ్రి ముఖంకేసి చూసింది. తల్లి చేతి పచ్చడిని ఆయన ఇంత వివరంగా వర్ణించడం ఆమె ఎప్పుడూ వినలేదు. వంటింటి గుమ్మంలో నిలబడిన తల్లి, కంచం ముందు పత్రికలో తలదూర్చిన తండ్రి, మధ్యన ఒక "ఊ". ఆమెకు తెలిసిన భోజనాలన్నీ అలాగే గడిచాయి.

షెఫ్ కొత్త చెంచా తెచ్చుకుని తానూ రుచి చూశాడు. తల ఆడించి వెళ్ళాడు. పావుగంట తరువాత చిన్న గిన్నెలో కొంచెం పాస్తా వచ్చింది. ఆకు మగ్గించారు, చీజు తగ్గించారు. మాస్టారు రెండు చెంచాలు తిన్నారు.

"కుదిరింది" అన్నారు.

ఆ యువకుడి ముఖం వికసించింది. వంట చేసేవారికి తెలుగులో ఇంతకన్న పెద్ద బిరుదు లేదు. అతడు వెళ్ళిన తరువాత మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ అమ్మ రోజూ అడిగేదమ్మా" అన్నారు. కుమార్తె ఏమీ అనలేదు. నీళ్ళగ్లాసు ఆయన దగ్గరకు జరిపింది.

బల్ల దగ్గరకు వచ్చే షెఫులందరూ వినడానికే రారు. కొందరు ఒక్కొక్క పదార్థానికీ పురాణం విప్పుతారు. వారి కథ ముగిసేసరికి వేడి అన్నం చల్లారుతుంది. కొందరికి కావలసింది పొగడ్తే. అటువంటి కలుపుగోలుతనం వ్యాపారంలో ఒక భాగమని సరిపెట్టుకోవచ్చు. కాని అడిగి, ఆగి, విన్నది పొయ్యి దాకా మోసుకుపోయేవాడి పలకరింపు వేరు. రోజంతా ఆవిరిలో నిలబడి చారెడు చారెడు రుచి చూసే నాలుక సాయంకాలానికి మొద్దుబారుతుంది. తన ఉప్పు తనకే తెలియకుండా పోతుంది. తినేవాడి నాలుక ఒక్కటే వండేవాడికి అద్దం. ఆ అద్దం మాట్లాడకపోతే, పళ్ళెంలో మిగిలినదాన్ని చూసి ఊహించుకోవలసి వస్తుంది.

నలోపాఖ్యానంలో దమయంతి, బాహుకుడనే వంటవాడు వండినది తెప్పించుకుని రుచి చూసింది. రూపం మారిపోయినా ఆ చేతివంటలో తన భర్తను గుర్తుపట్టింది. నలపాకం అన్న మాట అందరికీ తెలుసు. ఆ పాకాన్ని గుర్తించిన నాలుకను ఎవరూ తలచుకోరు. ఎంత గొప్ప వంటయినా తిన్నవారు గుర్తించినప్పుడే పూర్తవుతుంది.

ఆకలి రుచి ఎరుగదంటారు. నిజమే కావచ్చు, కాని చాలా ఇళ్ళల్లో రుచి ఎరగనిది ఆకలి కాదు, అలవాటు. రెస్టారెంటులో పరాయి మనిషి అడిగితే వివరంగా చెప్పేవారు, ఇంట్లో అదే ప్రశ్నకు తల ఎత్తరు. అక్కడ ఇచ్చే జవాబుకు బిల్లులో ఖరీదు లేదు. ఇక్కడ అసలు బిల్లే లేదు. ఉప్పు తగ్గినప్పుడు తెరుచుకునే నోరు సరిపోయినప్పుడు కూడా తెరుచుకోవాలి, అడిగేవారు ఇంకా గుమ్మంలో నిలబడి ఉండగానే.