తాళంచెవుల గుత్తి, ఒక వీడియో

నిరుటి ఉగాది సాయంత్రం మన టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలులో పాట పాడడానికి వేదిక ఎక్కిన మా అమ్మాయి చరణం పూర్తి కాకుండానే కుప్పకూలింది. ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్ల. అంతవరకు జలుబు, జ్వరం తప్ప వేరే రుగ్మత ఎరుగదు. ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి ఆమె గుప్పిట్లో పెట్టారు. మరొకరు ఉల్లిపాయ వాసన చూపించారు. పళ్ళ మధ్య చెంచా దూర్చబోయినది మాత్రం మేమే; దాచి ప్రయోజనం లేదు. రెండు మూడు నిమిషాలలో మూర్ఛ దానంతటదే సద్దుమణిగింది. గుత్తి తెచ్చిన పెద్దాయన "ఇనుము మహిమ" అన్నారు. సాధారణంగా మూర్ఛ అంతసేపటికే ఆగిపోతుందనీ, ఆ సమయానికి చేతిలో ఏది ఉంటే కీర్తి దానికే దక్కుతుందనీ మాకు తరువాత బోధపడింది.

ఆ రాత్రికే ఆ దృశ్యం కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమయింది. పాటను చిత్రిస్తున్న యువకుడెవరో ఫోను ఆపలేదు. కింద చేతులు జోడించిన బొమ్మలు, కన్నీటి బొమ్మలు, "గాలి సోకిందేమో" అన్న సందేహం. తీసివేయమని ప్రాధేయపడ్డాము, తీసివేశారు. అప్పటికే అది మా బంధువుల ఊరికి చేరి, అక్కడినుంచి మాకే తిరిగి వచ్చింది. మూర్ఛ రోగులకు హాని తలపెట్టి మిణుకుమిణుకుమనే చిత్రాలు పంపడాన్ని బ్రిటన్ 2023లో నేరంగా చట్టం చేసింది. మాకు వచ్చినది ద్వేషం కాదు, జాలి. జాలికి ఏ చట్టమూ లేదు. "ఇక పిల్లకు సంబంధాలెలా వస్తాయి?" అని నాయనమ్మ కంటతడి పెట్టారు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అడ్డంకిగా చెప్పిన మాటను 1999లోనే తొలగించారని చెబితే, "చట్టం వచ్చి పెళ్ళిచూపులు చూస్తుందా?" అన్నారు.

నాడీవ్యాధుల నిపుణురాలు అడిగిన మొదటి ప్రశ్న, మూర్ఛ ఎలా మొదలయిందని. అందరమూ చూశాము, ఎవరికీ గుర్తు లేదు. సిగ్గుపడుతూనే, బంధువులు పంపిన ఆ వీడియోను చూపించాము. ఆమె దానిని నాలుగుసార్లు చూశారు. పడిపోవడానికి ముందే తల ఎడమకు తిరిగింది, ఎడమచేయి బిగుసుకుంది. మెదడు కుడిభాగంలో ఆరంభమై అంతటా వ్యాపించి ఉండవచ్చునని చెప్పి, ఈఈజీ, ఎమ్మారై చేయించి, మాత్రలు నిర్ణయించారు. వీడియోను చెరిపివేయవద్దని కూడా చెప్పారు.

ఇంత జరిగినా మాకు బుద్ధి రాలేదు. ఫోనులో 'మూర్ఛ' అని వెదకిన పాపానికి, అడగకుండానే తైలాలూ లేహ్యాలూ వరుస కట్టాయి. ఒక పెద్దమనిషి మాత్రలు మానితే నలభై రోజులలో సమూలంగా నయం చేస్తానన్నాడు. కింద వందల కృతజ్ఞతలు. అవీ తాళంచెవుల వంటివేనని మాకు తోచలేదు. మూడవ నెలలో మాత్రలు ఆపాము. ఆరవ రోజు తెల్లవారుజామున ఒకదాని వెంట ఒకటిగా మూర్ఛలు, అంబులెన్సు, రెండు రాత్రులు ఐసీయూ. మాత్రలు హఠాత్తుగా ఆపడం ప్రాణాపాయమని వైద్యురాలు మొదటిరోజే చెప్పారు. అమ్మాయిని మేము ఒక్కమాట అడగనైనా లేదు.

ఇంటికి వచ్చిన వారానికి ఆమె కూడా మమ్మల్ని అడగకుండా కాలనీ గ్రూపులో ఇలా వ్రాసింది: "ఆ వీడియోలో ఉన్నది నేనే. మళ్ళీ పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తనిది ఉంచండి. నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా అదిమి పట్టుకోకండి. గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వీడియో తీస్తే డాక్టరుగారి కోసం అమ్మానాన్నలకు ఇవ్వండి, గ్రూపులో పెట్టకండి."

చాలాసేపు ఎవరూ బదులివ్వలేదు. రాత్రి పొద్దుపోయాక పైఅంతస్తు ఆవిడ విడిగా సందేశం పంపారు. తమ అబ్బాయికి ఎనిమిదేళ్ళుగా ఉందట. సరైన చికిత్స అందితే నూటికి డెబ్బైమంది మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశంలో ఈ వ్యాధి ఉన్నవారు కోటికి పైగా ఉంటారని చదివినప్పుడు, వీరంతా ఎక్కడ ఉన్నారా అనుకునేవాళ్ళం. ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నాము.

ఈ ఉగాదికి అమ్మాయి మళ్ళీ అదే పాట పాడింది. అత్యవసరానికి వైద్యురాలు ఇచ్చిన ముక్కు స్ప్రేను సంచిలో పెట్టుకుని మేము మొదటి వరుసలో కూర్చున్నాము. నిరుడు గుత్తి తెచ్చిన పెద్దాయన వచ్చి మా పక్కన కూర్చుని, గడియారం విప్పి చేతిలో పట్టుకుని, "నోట్లో ఏమీ పెట్టకూడదు, అంతే కదూ?" అని మెల్లగా అడిగారు.