కమాను పట్టీ నుంచి చాకు

ఆటోనగర్‌లో లారీల కింద నుంచి విప్పి పక్కన పడేసిన పాత కమాను పట్టీలను చూస్తే నాకు చాకులే కనిపిస్తాయి. కత్తులకూ కొడవళ్లకూ కమ్మర్లు ఇష్టపడి ఏరుకునే ఉక్కు అది. నూటికి అర వంతు కంటే కాస్త ఎక్కువ కర్బనం ఉంటుంది. కొలిమిలో 770 డిగ్రీల దరిదాపుల్లో ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఇంకాస్త కాచి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసు. అందుకే మళ్లీ 200 డిగ్రీల దగ్గర నిదానంగా కాచాలి. అప్పుడు మెరుగుపెట్టిన ఉక్కు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. చాకు తయారీలో నాకు అన్నిటికన్నా గౌరవం ఈ రెండో కాపు మీదే. ఓపిక లేనివాడి కత్తి మొదటి దెబ్బకే విరుగుతుంది.

చాలా మడత చాకుల్లో బ్లేడును తెరిచినప్పుడూ మూసినప్పుడూ నొక్కిపట్టేది వెనకున్న ఉక్కు బద్ద. అదీ స్ప్రింగే! ఫ్రాన్సులో 1890లో పుట్టిన ఒపినెల్ చాకుకు మాత్రం ఆ బద్ద లేదు. బ్లేడు కదలకుండా తిప్పే రింగును 1955లో చేర్చారు.

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఆ ఊరి పేరు మన బడి పిల్లలందరికీ తెలియాలి.