ముఖానికి సూదులు

2023 అక్టోబరులో మా అమ్మాయి పెళ్ళి నిశ్చయమైన రోజున అందరం కలిసి ఫోటో దిగాం. అది చూసి అమ్మాయి, "అమ్మా, నువ్వొక్కదానివే నవ్వలేదేం? సంబంధం నచ్చలేదా?" అంది. నచ్చకేం! నేను నవ్వడం మానుకుని అప్పటికి రెండేళ్ళు దాటింది.

2021 జనవరిలో ఒకనాటి ఉదయం నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ వైపు నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకు లాగేసింది, ఎడమ కన్ను మూతపడడం లేదు. పక్షవాతమేనని ఇంట్లో హడలిపోయారు. డాక్టరు పరీక్షించి, ఇది మెదడుకు వచ్చింది కాదు, ముఖాన్ని కదిలించే నరానికి వచ్చిన బెల్స్ పాల్సీ అన్నారు. మీలో ఎవరికైనా ఇలా అయితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మొదటి మూడు రోజుల్లో స్టీరాయిడ్ మాత్రలు మొదలుపెడితే గుణం ఎక్కువ. నాకు రెండు నెలల్లో ముప్పాతిక వంతు తగ్గింది. మిగిలిన పాతిక నవ్వితేనే బయటపడుతుంది. పెదవి కుడివైపు పైకి వెళ్తుంది, ఎడమవైపు వెళ్ళదు. అవి మాస్కుల రోజులు కాబట్టి బ్యాంకులో ఎవరికీ తెలియలేదు. మాస్కులు పోయాక మూతి బిగించుకోవడం అలవాటు చేసుకున్నాను. కొత్తగా చేరిన పిల్లలు నన్ను కోపిష్ఠి మేడం అనుకునేవారట.

పుణేలో ఉండే మా ఆడపడుచు ఫోను చేసి, "వదినా, ఇక్కడ ముఖానికి సూదులు గుచ్చి ముడతలు పోగొడుతున్నారు. నీ మూతి కూడా సరి అవుతుందేమో" అంది. వాకబు చేస్తే మా సోలాపూరులోనే ఒకావిడ ఆక్యుపంక్చర్ చేస్తున్నారని తెలిసింది. అప్పు అడిగినవాణ్ణి కాగితాలు అడిగినట్టు ముందు ఆవిడ రిజిస్ట్రేషను చూపించమన్నాను. మహారాష్ట్రలో ఈ వైద్యానికి 2015 నాటి చట్టం ఉంది. ఆవిడ నొచ్చుకోకుండా చూపించారు.

గోడమీద డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఫోటో ఉంది. మా ఊళ్ళో పుట్టిన మనిషి. 1938లో కాంగ్రెస్ చైనాకు పంపిన అయిదుగురు డాక్టర్లలో ఒకరై వెళ్ళి, యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు శస్త్రచికిత్సలు చేస్తూ 1942 డిసెంబరులో అక్కడే పోయారు. అప్పటికి ఆయనకు 32 ఏళ్ళు. "ఈయనా సూదులు గుచ్చేవారా?" అని అడిగాను. లేదట. ఆయనతో వెళ్ళిన కలకత్తా డాక్టర్ బి.కె. బసు 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని మన దేశానికి తెచ్చారట.

"ముడతలు కొంత మెత్తబడవచ్చు, అదీ కొన్ని నెలలే. నరం సంగతి నేను మాట ఇవ్వలేను" అన్నారావిడ. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

వారానికి రెండు చొప్పున పది సిట్టింగులు. ఒక్కోదానికి 1,200 రూపాయలు. తల వెంట్రుక కంటె కాస్త లావుంటాయి ఆ సూదులు, ఒకసారి వాడి పారేసేవి. నుదుటి మీద, కనుబొమల మధ్య, బుగ్గల మీద, పెదవుల పక్కన గుచ్చుతారు. విచిత్రమేమిటంటే బొటనవేలికి చూపుడు వేలికి మధ్యన, మోకాలి కింద కూడా. ముఖం బాగుండాలంటే ఒళ్ళంతా బాగుండాలని వాళ్ళ లెక్క. బొటాక్స్‌లాగా ఇందులో మందు ఉండదు. సూది చేసే చిన్న గాయం దగ్గరికి రక్తం చేరి, చర్మం బిగువుకు కావలసిన కొల్లాజెన్ కొత్తగా పుడుతుందంటారు. దీనిమీద జరిగిన పరిశోధనలు చిన్నవి, గట్టి రుజువు ఇంకా లేదు. ఆ సంగతి ముందే చదువుకునే వెళ్ళాను.

నాలుగో సిట్టింగులో కంటి కింద కమిలి నల్లబడింది. కంటి దగ్గర చర్మం పలచన, ఇలా కావడం మామూలేనట. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పి తీరాలి. పది రోజులు ఆ నల్లమచ్చతోనే కౌంటరు వెనక కూర్చున్నాను. ఒకరోజు మావారు నన్ను తీసుకువెళ్ళడానికి వస్తే, ఎప్పుడూ కుర్చీ వేసే ప్యూను ఆయన్ని నిలబెట్టే ఉంచాడు. పాపం, ఆయన చీమకైనా హాని చేయని మనిషి!

కామర్సు చదువుకున్నదాన్ని, లెక్క చూడకుండా ఉండలేను. ప్రతి ఆదివారం ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫోటో తీసుకున్నాను. పది సిట్టింగులయ్యాక నుదుటి గీతలు కాస్త తగ్గినట్టే ఉన్నాయి. కాని వారానికి రెండు రోజులు పట్టపగలు నలభై నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోవడం ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అదే మొదలు. గుణం సూదిదో పడకదో తేల్చలేను. మూతి మాత్రం ఎక్కడిది అక్కడే. 12,000 పెళ్ళి ఖర్చుల పుస్తకంలో "ఇతరములు" కింద రాశాను.

2024 ఫిబ్రవరిలో పెళ్ళి. రెండు రోజులూ మూతి బిగించుకునే తిరిగాను. అప్పగింతల దగ్గర అందరూ కళ్ళొత్తుకుంటున్నారు. నాకేమో ఏడిస్తే మూతి ఇంకా వంకర పోతుందని భయం. పక్కనే ఉన్న మా అమ్మ నా చెవిలో, "గట్ల మూతి బిగవట్టుకొని నిలవడితె వియ్యపురాలు గడగడ వణుకుతది బిడ్డా. ఏడ్వన్న ఏడ్వు, నవ్వన్న నవ్వు" అంది. నాకు పకపకా నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు బటను నొక్కాడు.

ఆల్బంలో ఆ ఫోటో వేయవద్దని చెప్పాను. అమ్మాయి వినలేదు. పెద్దది చేయించి పుణేలో వాళ్ళ హాల్లో తగిలించింది. మూతి కుడివైపుకే ఉంది.