వేపచెట్టూ, నా సంతకమూ

మా యింటి ముందు వీధి వారన ఒక వేపచెట్టు వుంది. నేను ఆ యిల్లు కొనేనాటికే అది పెద్ద చెట్టు. ఉగాదికి మా అమ్మ దాని పువ్వే కోయించి పచ్చడి చేస్తుంది. దాని నీడన ఒకాయన ఇస్త్రీ బండి పెట్టుకుని సంసారం యీదుకొస్తున్నాడు.

నిరుడు దాని వేరు మా ప్రహరీ గోడను బీటలు వారించింది. అదే అదనుగా మా వీధి పెద్దలు ఒక దరఖాస్తు తయారుచేశారు. ఆకులు రాలి కాలువ పూడుతోందట. కార్లు నిలుపుకోవడానికి చోటు లేదట. పైగా చెట్టు ప్రమాదకరమట. "గోడ మీది గనక మొదటి సంతకం మీదే మాస్టారూ" అన్నారు. పెట్టాను. ఆశ్రమంలోని లతలను విడవలేక శకుంతల కంటతడి పెట్టిన ఘట్టం ఆ వుదయమే క్లాసులో గొంతు గద్గదమయ్యేలా చెప్పి వచ్చిన పెద్దమనిషినే సుమండీ!

కాగితం మునిసిపాలిటీకి వెళ్ళింది. "రోడ్డు మాదే గాని, చెట్టు కొట్టడానికి అనుమతి యివ్వవలసింది అటవీ శాఖ" అన్నారు వారు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అందుకు నియమించిన అధికారి ముందుగా ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రం బొంబాయినుంచి వచ్చివున్న మా బావమరిదితో, "మా వీధి చెట్టు సంగతి యెక్కడో కూర్చున్నవారికేం తెలుస్తుందోయ్?" అని విసుక్కున్నాను.

అతను నవ్వాడు. "మా దగ్గర 1975 చట్టం వచ్చినప్పటినుంచీ ఆ పెత్తనం వూరిదే బావా. నగరపాలక సంస్థలోనే చెట్ల కోసం ఒక సంఘం వుంటుంది. ఏం లాభం? 2019లో మెట్రో రైలు షెడ్డుకోసం ఆరే కాలనీలో 2,185 చెట్లు కొట్టవచ్చునని ఆ సంఘమే ఒప్పుకుంది. అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఆపమనేసరికే రెండు వేలకు పైగా కూలిపోయాయి. 2021లో చట్టం సవరించి, 200 చెట్లు, ఆపైన అయితే రాష్ట్రస్థాయి సంఘానికి పంపాలన్నారు."

"అయితే రాష్ట్రమే నయమన్నమాట!"

"హైదరాబాదులో కంచ గచ్చిబౌలి అప్పుడే మరిచిపోయారా? 2025లో అక్కడ యంత్రాలు దింపింది రాష్ట్ర ప్రభుత్వ సంస్థే. ఏప్రిల్ 3న అక్కడా సుప్రీంకోర్టే ఆపవలసి వచ్చింది."

నాకు జవాబు తోచలేదు.

నెల తిరక్కుండానే మా చెట్టుకు అనుమతి వచ్చింది. వచ్చి చూసినవారెవరూ లేరు. "ప్రమాదమని యింటి యజమానే తెలిపినందున" అని వుంది అందులో. వూరివారు పైవారిని చూపించారు. పైవారు నన్ను చూపించారు!

బయటికి వస్తే ఇస్త్రీ ఆయన అడిగాడు. "ఎప్పుడు కొడతారు మాస్టారూ? బండికి వేరే చోటు వెతుక్కోవాలి." ఆ మాటలో నిష్ఠూరం లేదు. వుంటే బాగుండేది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్ళాను. "కొట్టడానికైతే ఫారం వుందండీ. వద్దనడానికి లేదే!" అన్నాడు గుమాస్తా. తెల్లకాగితం మీదే రాసిచ్చాను: గోడ మూరెడు లోపలికి జరుపుకుంటాను, చెట్టువల్ల నాకే ప్రమాదమూ లేదు అని. ఈసారి ఒక అధికారి స్వయంగా వచ్చారు. మిట్టమధ్యాహ్నం ఆ చెట్టు కింద నిలబడి, రుమాలుతో ముఖం తుడుచుకుని పైకి చూశారు. యెండిన కొమ్మలు రెండు కొట్టించి, అనుమతి రద్దు చేశారు.

పెత్తనం వూరికుండాలా, రాష్ట్రానికుండాలా అన్నది పెద్దలు తేల్చవలసిన మాట. నాకు తెలిసిందల్లా యింతే. వూరికిస్తే ఇస్త్రీ ఆయన్ని కూడా అడగాలి. రాష్ట్రానికిస్తే సంతకం చేసేవారు ఒక్కసారి ఆ నీడలోకి రావాలి. రెండింటికీ ముందు, మొదటి సంతకం పెట్టే నాబోటివాడు కలం తీసేముందు తల పైకెత్తి చూడాలి.

మా వీధి పెద్దలు నాతో యిప్పటికీ ముభావంగానే వున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి వారి కార్లు మాత్రం ఆ చెట్టు కిందికే చేరుతున్నాయి.