ఫ్లాటు కోసం అమ్మిన ప్లేట్లు

మా బావగారు మనిషి మంచివారే. కానీ ఎవరింట్లో ఏ వస్తువు కనిపించినా దానికి ధర కట్టేదాకా ఆయనకు కాఫీ గొంతు దిగదు. 2019లో అక్కా ఆయనా అమెరికా వచ్చి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంట్లో ఉన్నప్పుడు ఆయన కన్ను నా రికార్డుల షెల్ఫు మీద పడింది. మొత్తం 240 ఎల్పీలు. సగానికి పైగా గాత్రమే: ఎల్లా ఫిట్జెరాల్డ్, సారా వాన్, బిల్లీ హాలిడే, నాట్ కింగ్ కోల్, సినాట్రా. మిగతావి మైల్స్ డేవిస్, కోల్‌ట్రేన్, మాంక్ లాంటివాళ్ల జాజ్.

ఆయన ఫోను తీసి నాలుగైదు పేర్లు నెట్‌లో కొట్టి చూశారు. సగటున 35 డాలర్లు వేసుకుని, 240తో హెచ్చవేసి, "బామ్మర్దీ, ఎనిమిది వేల నాలుగొందల డాలర్లు గోడకు ఆనించి పెట్టావు. దీని మీద వడ్డీ ఏది? అద్దె ఏది?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆయన దగ్గర ఒక స్కీము సిద్ధంగా ఉంది. హైదరాబాద్‌లో కొల్లూరు వైపు ప్రీ లాంచ్, అంటే కట్టకముందే అమ్మకం. 1,250 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు 3,200 చొప్పున 40 లక్షలు, మొత్తం ముందే కట్టాలి. నలుగురు బంధువులం తలా పది లక్షలు వేసుకోవాలి. రెండేళ్లలో అడుగు ఆరు వేలకు పోతుంది, అంటే 75 లక్షలు, తలా 18 లక్షల 75 వేలు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో! రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ఫ్లాట్లు అమ్మకూడదని 2016 చట్టం స్పష్టంగానే చెబుతోంది. ఆ సంగతి అడిగితే, "అప్లై చేశార్లే, నెలలో వచ్చేస్తుంది" అన్నారు. నా చేతిలో ఎనిమిది లక్షలే ఉన్నాయి. మిగతా రెండు లక్షల కోసం ఆయన మాట్లాడకుండా షెల్ఫు వైపు చెయ్యి చూపించారు.

రికార్డులు కొనే వ్యాపారి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఒక్క పాట కూడా వినలేదు. ప్రతి ప్లేటునూ అట్టలోంచి తీసి, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని గాడుల మీద గీతలు చూశాడు. లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ ఎన్ని సన్నగీతలున్నాయో చూశాడు. ప్లేయర్ మీద పెట్టేటప్పుడు కడ్డీ దొరక్క తడుముకుంటే పడే గీతలవి. అవి ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ మోగిందని లెక్క. బ్లూ నోట్ కంపెనీ ప్లేట్లు వచ్చినప్పుడు మాత్రం కళ్లజోడు సర్దుకున్నాడు. పాట అయిపోయాక మిగిలే నున్నటి నల్ల అంచులో ఆర్‌వీజీ అనే ముద్ర ఉందా, దాని దగ్గర చెవి ఆకారంలో చిన్న గుర్తు ఉందా అని వెతికాడు. మొదటిది ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ ముద్ర. రెండోది ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ గుర్తు. అది ఉంటే 1966లోనో అంతకు ముందో అచ్చయిన ప్లేటని అర్థం.

అతని లెక్క ఇలా తేలింది. గాత్రం ప్లేట్లు 150, ఒక్కోటి 2 డాలర్లు, 300. మామూలు జాజ్ 70, ఒక్కోటి 10, 700. పాత ముద్రణలు 20, ఒక్కోటి 100, రెండు వేలు. వెరసి 3,000 డాలర్లు. బావగారి 8,400లో 36 శాతం. మోసమేమీ లేదు. అతను వాటిని తుడిచి, గ్రేడు వేసి, ఏళ్ల తరబడి దుకాణంలో పెట్టుకుని ఒక్కొక్కటే అమ్ముకోవాలి. బావగారు నెట్‌లో చూసింది అమ్మేవాళ్లు అడిగే ధర. ఏకమొత్తంగా ఇచ్చేసేవాడికి అందులో మూడో వంతు దక్కితే గొప్ప. డాలరు 70 రూపాయల లెక్కన రెండు లక్షల పదివేలు చేతికొచ్చాయి. షెల్ఫు ఖాళీ అయింది.

ఇక ఫ్లాటు సంగతి. రెరా రాలేదు, పునాది పడలేదు. తిరిగి తిరిగి, లాయరు నోటీసులిచ్చి, 2024 నాటికి వాయిదాల్లో అసలు వెనక్కి రాబట్టాం. వడ్డీ మాటే లేదు. పది లక్షలు ఏ బ్యాంకులోనో ఆరున్నర శాతానికి ఐదేళ్లు పడి ఉంటే 13 లక్షల 70 వేలయ్యేవి. అక్కడ పోయింది 3 లక్షల 70 వేలు. డాలర్లలో చూస్తే ఇంకో దెబ్బ. వెళ్లినప్పుడు 70 రూపాయల లెక్కన అది 14,286 డాలర్లు. తిరిగొచ్చినప్పుడు డాలరు 83.50, కనుక 11,976. మారకంలోనే 2,310 డాలర్లు ఆవిరి. బావగారి జోస్యం ప్రకారం రావలసిన 18 లక్షల 75 వేలతో పోల్చి చూడమని మా అక్క అడిగింది కానీ ఆ లెక్క నేను వెయ్యలేదు. ఇండెక్స్ ఫండులో పెట్టి ఉంటే ఎంతయ్యేదో కూడా వెయ్యలేదు, రాత్రి నిద్ర పట్టాలి కదా.

ఈలోగా రికార్డుల బజారు మారిపోయింది. 2020లో అమెరికాలో ఎల్పీల అమ్మకాల ఆదాయం సీడీలను దాటింది. 1986 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. నేను వందకు ఇచ్చిన పాత ముద్రణలను మళ్లీ కొనాలంటే ఒక్కోదానికి 280 అడిగారు. ఇరవైకి 5,600. ఆ జోలికి పోలేదు. అదే సంగీతం ఉన్న కొత్త ముద్రణలు ఒక్కోటి 35 చొప్పున ఇరవై తీసుకున్నాను, 700. మామూలు జాజ్ ముప్పై, ఒక్కోటి 25, 750. గాత్రం యాభై, ఒక్కోటి 6, 300. మొత్తం వంద ప్లేట్లు, 1,750 డాలర్లు.

ఈ అంకె వినగానే బావగారు ఫోనులోనే ఎగిరి గంతేశారు. "మూడు వేలకు అమ్మి పదిహేడొందల యాభైకి కొన్నావు. పన్నెండొందల యాభై లాభం! నా సలహాయే కదా!" 240కి బదులు వందే ఉన్నాయని గుర్తు చేస్తే, "వినేది ఆ వందేగా" అన్నారు. ఒళ్లు మండింది. కానీ ఆ ఒక్క మాటలో మాత్రం నిజముంది. ఆయన ఉద్దేశించిన నిజం వేరు, అంతే.

రికార్డు ధరకూ పాట మంచితనానికీ పొత్తు లేదు. సినాట్రా, నాట్ కింగ్ కోల్ ప్లేట్లు లక్షల్లో అచ్చయ్యాయి కనుక నేటికీ పాత దుకాణాల్లో కాఫీ ధరకు దొరుకుతాయి. బ్లూ నోట్ వాళ్లు తక్కువ అచ్చు వేశారు కనుక కొన్నైతే వేలకు పోతాయి. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 నాటి తొలి ముద్రణ కోసం జనం ఎగబడతారు. దాని మొదటి వైపున్న మూడు పాటలూ రికార్డింగు రోజున టేపు యంత్రం నెమ్మదిగా తిరగడం వల్ల అసలు శ్రుతి కంటే కాస్త పైన మోగుతాయి. 1992లో ఆ తేడా సరిచేశారు. ఆ తర్వాత సరిచేసిన టేపు నుంచి వచ్చిన చవక ముద్రణలోనే శ్రుతి సరిగ్గా ఉంటుంది.

ఇప్పుడు నేను వేసుకునే లెక్క వేరు. 35 డాలర్ల ప్లేటును నెలకోసారి చొప్పున పదేళ్లు వింటే 120 సార్లు. ఒక్కోసారికి 29 సెంట్లు. వంద డాలర్ల సూది 500 గంటలు పనిచేస్తుందనుకుంటే, నలభై నిమిషాల ఎల్పీకి అరుగుదల 13 సెంట్లు. మొత్తం 42 సెంట్లు. అదే వెయ్యి డాలర్ల తొలి ముద్రణయితే 120 సార్లకు సగటు 8 డాలర్ల 33 సెంట్లు పడుతుంది. పైగా గీత పడుతుందన్న భయంతో ఏడాదికోసారి కూడా బయటికి తియ్యం. స్ట్రీమింగులో అన్నీ ఉన్నాయి కదా అంటారా, ఉన్నాయి.

అయినా ఆ 42 సెంట్లకు నాకేం దక్కుతుందో చెబుతాను. కోల్‌ట్రేన్, జానీ హార్ట్‌మన్ కలిసి చేసిన ఎల్పీ 1963లో మా న్యూజెర్సీలోనే, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డయింది. హార్ట్‌మన్ గొంతు మందంగా, తొందరలేకుండా సాగుతుంది. అతను ఆపిన చోట కోల్‌ట్రేన్ శాక్సోఫోన్ అందుకుంటుంది కానీ అతని మీద పైచేయి చూపించదు. మా ఆవిడకు జాజ్ పడదు. అయినా ఈ ప్లేటు పెడితే చేతిలో ఫోను పక్కన పెట్టి కూర్చుంటుంది. పావుగంటకోసారి లేచి ప్లేటు తిప్పాలి కనుక నేనూ కునుకు తియ్యను. 1956 నాటి 'ఎల్లా అండ్ లూయిస్' అయితే ఇంకా ఆనందం. ఆర్మ్‌స్ట్రాంగ్ గరుకు గొంతు పక్కన ఎల్లా గొంతు పట్టుచీరలా జారుతుంది. ఇదంతా బావగారి లెక్కలో సున్నా.

ఇప్పుడు రికార్డులకు నెలకు 40 డాలర్లు, కిరాణా పక్కనే ఖర్చు పద్దులో రాస్తాను. ఆస్తుల పద్దులో వాటి విలువ సున్నా. సొంత వాడకం వస్తువు నష్టానికి అమ్మితే ఇక్కడి పన్ను లెక్కలో ఆ నష్టం చూపించుకోవడానికీ వీల్లేదు. మీ ఇంట్లోనూ నాన్నగారి కాలం నాటి ఘంటసాల రికార్డులుండవచ్చు. వాటికి ఎవరైనా నెట్‌లో ధర చూసి చెబితే, ఆ ధరకు ఈ వారంలో కొనేవాణ్ణి తీసుకురమ్మనండి. వినే వస్తువును ఆస్తిగా రాసుకోకండి. రెరా నంబరు లేని ఫ్లాటును అసలే రాసుకోకండి.